ఒక్కనాటి పని, రోజువారీ పని: పిల్లల గురించి సర్వేలు చెబుతున్నది

(నస్పూర్‌లో ఒక అంగన్‌వాడీ టీచర్ స్మారకసభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతున్నదో ఆమెను ఈ కాలనీలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. టీచరమ్మ అంటే ఆమే. స్మారకోపన్యాసానికి కూడా తన పేరు కాకుండా తన పని పేరే ఉంటే చాలని ఇంటివాళ్ళు కోరారు. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. టీచరమ్మ సభకు అంకెల మాస్టారును పిలవడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ ఆమె బతుకంతా చేసింది అంకెలు రాయడమే. నెలనెలా పిల్లలను త్రాసుకు వేసి తూచేది. ఆ బరువును గ్రోత్ చార్టు మీద చుక్కగా పెట్టేది. చుక్క ఆకుపచ్చలో పడితే తల్లికి చూపించి సంతోషపడేది. పసుపులో పడితే సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి కూర్చునేది. నారింజ రంగులో పడితే తల్లిని వెంటబెట్టుకుని దవాఖానకు బయల్దేరేది.

ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఒకటే. పిల్లల విషయంలో ఒక్కసారి చేస్తే అయిపోయే పనులను మన రాష్ట్రం బాగా చేస్తున్నది. రోజూ చేయాల్సిన పనుల దగ్గర వెనకబడుతున్నది. పెంపకం అంతా రోజూ చేయాల్సిన పనే కనుక ఈ తేడా మనల్ని నిద్రపోనివ్వకూడదు.

నేను చెప్పే అంకెల్లో చాలావరకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవి. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. మొదటిది 1992–93లో జరిగింది. ఐదోది 2019–21లో దేశంలోని 707 జిల్లాల్లో, 6,36,699 ఇళ్ళలో జరిగింది. తెలంగాణలో 2019 జూన్ చివర మొదలై నవంబర్ నడిమి దాకా సాగింది. సర్వేవాళ్ళు పిల్లల ఎత్తు కొలిచారు, బరువు తూచారు, వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూశారు. తల్లిని కూర్చోబెట్టి, నిన్న పగలు, నిన్న రాత్రి బిడ్డ ఏమేం తిన్నదో ఒక్కొక్కటే అడిగారు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. తెలంగాణలో ఆసుపత్రిలో జరిగిన కాన్పులు 97 శాతం. నాలుగో సర్వే నాటికే తొంభై దాటిన సంఖ్య ఇంకా పెరిగింది. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ తర్వాత సర్కారు దవాఖానల కాన్పులగదులు ఎట్లా నిండాయో ఇక్కడి ఏఎన్‌ఎంలకు బాగా తెలుసు. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో టీకాలన్నీ పడినవాళ్ళు 79.1 శాతం. నాలుగో సర్వేలో ఇది 68 దగ్గర ఉండేది. వెయ్యి మంది శిశువులు పుడితే ఏడాది నిండకుండా పోయేవాళ్ళు 26. ఇది కూడా కాస్త తగ్గింది. ఈ ఫలితాలు ఊరికే రాలేదు. వీటి వెనుక ఎందరో ఆశా కార్యకర్తల నడక ఉంది, ఎందరో నర్సుల నిద్రలేని రాత్రులు ఉన్నాయి.

అదే సర్వే, అవే ఇళ్ళు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతం. ఆరు నెలల నుంచి రెండేళ్ళ మధ్య పిల్లల్లో సరిపడా ఆహారం తింటున్నవాళ్ళు 9.2 శాతం. నూటికి తొమ్మిది మంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు 70 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు నాలుగో సర్వేలో 28 శాతం ఉంటే ఐదోదానికి 33.1 శాతానికి పెరిగారు. ఎత్తుకు తగ్గ బరువు లేక బక్కచిక్కినవాళ్ళు 18 నుంచి 21.7కు చేరారు. వాళ్ళలో మరీ తీవ్రంగా చిక్కిపోయినవాళ్ళే 8.5 శాతం. పుట్టిన పిల్లలను బతికించుకోవడంలో ముందుకు నడిచిన సంవత్సరాల్లోనే, బతికిన పిల్లలను ఎదిగించడంలో వెనక్కి నడిచాం.

ముందు 37 దగ్గర ఆగుతాను. నూటికి 97 మంది ఆసుపత్రిలోనే పుడుతున్నారు. మంత్రసాని లేదు, ఇంటి మూల చీకటిగది లేదు. పక్కన నర్సు ఉంది, డాక్టరు ఉన్నారు. మరి గంటలోపు బిడ్డను రొమ్ముకు పెట్టడానికి అడ్డమేమిటి? ఒక కారణం అదే సర్వేలో ఉంది. తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. దగ్గర్లోని కరీంనగర్ జిల్లాలో మొత్తం కాన్పుల్లోనే ఎనభై శాతం దాటాయి. తల్లీబిడ్డల ప్రాణం కోసం ఆపరేషన్ అవసరమైన కాన్పులు ఉంటాయి, వాటి గురించి నాకు పేచీ లేదు. కానీ మన దగ్గర ముహూర్తం చూసుకుని కత్తి పెట్టించుకోవడం మర్యాదగా మారింది. నొప్పులు పడటం పేదవాళ్ళ పని అన్న భావం పాకింది. ఆపరేషన్ బల్ల మీది నుంచి తల్లి వార్డుకు వచ్చేసరికి ఆ మొదటి గంట గడిచిపోతుంది. ముర్రుపాలు అందాల్సిన నోట్లో తేనె, చక్కెర నీళ్ళు పడతాయి. ఆపరేషన్ తర్వాత కూడా తోడుగా ఒక మనిషి నిలబడి పట్టుకుంటే గంటలోపు పాలు పట్టవచ్చని డాక్టర్లే చెబుతారు. అంటే అక్కడ కొరత కొంచెం సేపు పక్కన నిలబడే మనిషిది.

తొమ్మిది శాతం సంగతి ఇంతకన్నా లోతైనది. సరిపడా ఆహారం అంటే సర్వే పెద్ద కోరికేమీ కోరలేదు. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు నిన్న నాలుగు రకాల ఆహారం అందిందా, వయసును బట్టి రెండు సార్లో మూడు సార్లో తిన్నదా అని చూసింది. అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర ఉంటే నాలుగైపోయాయి. ఇందులో మన సింగరేణి బొగ్గుగని కాలనీలో కొనలేనిది ఏముంది? కూలి ఇంట్లో కూడా వారంలో చాలా రోజులు ఉండేవే. అయినా నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు నిన్న అవన్నీ చేరలేదు.

ఇదే సర్వేలో మరో అంకె దీనికి తాళంచెవి. ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు తప్ప మరేదీ పెట్టనివాళ్ళు 68.2 శాతం. ఇది కూడా రోజూ చేసే పనే, రాత్రింబవళ్ళూ చేసే పని. దాన్ని మన తల్లులు నూటికి అరవై ఎనిమిది మంది చేస్తున్నారు. ఆరు నెలలు దాటగానే 68 కాస్తా 9 ఎందుకైంది? ఆరు నెలల వరకు తల్లి ఒక్కతే చాలు. ఆ తర్వాత ఇల్లంతా కావాలి. ఎవరో గుడ్డు తేవాలి, ఎవరో పప్పు మెత్తగా నలపాలి, ఇంకెవరో అరగంట ఎదురుగా కూర్చుని, ఉమ్మేసిన ముద్దను మళ్ళీ నోటికి అందించాలి. తల్లి కూలికి పోతే ఆ అరగంట లేదు. ఇంట్లోనే ఉన్నా, నీళ్ళు, వంట, పెద్ద పిల్లల బడి, షిఫ్ట్‌కు పోయే మనిషి టిఫిన్ డబ్బా, వీటి మధ్య ఆ అరగంట ఎక్కడ? చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే పిల్ల ఊరుకుంటుంది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకు మిగలని సమయాన్ని ఇంట్లో మిగతావాళ్ళు ఎందుకు ఇవ్వలేదని అడుగుతాను.

ఈ ప్రశ్న కొత్తది కాదు. శ్రీకాకుళంలో పుట్టి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరై, తర్వాత భారత వైద్య పరిశోధన మండలిని నడిపిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి మరో ఇద్దరితో కలిసి 1996లో యునిసెఫ్ ప్రచురణకు ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికాలోని పేద దేశాల కంటే దక్షిణాసియాలో పిల్లల పోషణ లోపం ఎందుకు ఎక్కువగా ఉందన్నది వాళ్ళ ప్రశ్న. మన దగ్గర పంట తక్కువేమీ కాదు, ఆదాయమూ మరీ తక్కువ కాదు. వాళ్ళు తేల్చిన ప్రధాన కారణం ఇంట్లో ఆడవాళ్ళ స్థితి. ఆమె తిండి, ఆమె విశ్రాంతి, ఆమె మాటకు ఉన్న విలువ. ముప్ఫై ఏళ్ళు కావస్తున్నా అంకెలు అదే దారి చూపిస్తున్నాయి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు 57.6 శాతం. రక్తం లేని తల్లికి రక్తం ఉన్న బిడ్డ ఎక్కడి నుంచి వస్తుంది? 20–24 ఏళ్ళ ఆడపిల్లల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు 23.5 శాతం. భర్త చేతిలో హింసకు గురైనామని చెప్పిన ఆడవాళ్ళు 36.9 శాతం. పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో మందు తాగేవాళ్ళు 43.3 శాతం. ఈ చివరి రెండు అంకెలు పిల్లల ఆరోగ్యం పట్టికలో ఉండవు. కానీ ఆ ఇళ్ళలో, ఆ అరుపుల మధ్య అన్నం తినేది పిల్లలే.

డబ్బు వస్తే అన్నీ చక్కబడతాయని బొగ్గు కాలనీల్లో ఒక నమ్మకం ఉంది. సర్వే దాన్ని సగం నిజమంటున్నది. దేశంలో అట్టడుగు ఐదో వంతు ఇళ్ళలో ఎత్తు ఎదగని పిల్లలు 46 శాతం ఉంటే, అందరికన్నా పైనున్న ఐదో వంతు ఇళ్ళలో 23 శాతం ఉన్నారు. కలిమి సగానికి తగ్గించింది. మిగతా సగం అక్కడే ఉండిపోయింది. ఫ్రిజ్, బండి, పక్కా ఇల్లు అన్నీ ఉన్న ఇళ్ళలో నలుగురిలో దాదాపు ఒక బిడ్డ ఎదగడం లేదు.

ఈ అంకెలను నమ్మవచ్చా అని అడిగేవాళ్ళున్నారు. అడగాలి కూడా. మన పిల్లలు పుట్టుకతోనే పొట్టి, అమెరికా పిల్లల కొలత మనకెందుకు అన్నది ఎక్కువగా వినబడే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతలు ఒక్క అమెరికావి కావు. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను కొలిచి తయారుచేసినవి. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. మంచి తిండి, తల్లిపాలు, పొగ లేని ఇల్లు, వైద్యం అందితే ఆరు దేశాల్లోనూ చిన్నపిల్లలు దాదాపు ఒకే తీరున ఎదిగారు. ఆ కొలత ప్రకారం ఆరోగ్యంగా ఉన్న సమాజంలో గీతకు దిగువన ఉండేది నూటికి ఇద్దరో ముగ్గురో. మనకు ముప్ఫై ముగ్గురున్నారు. కొలతలో కొంత సవరణ అవసరమని వాదించే మన శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఎంత సవరించినా ముప్ఫై మూడు మూడు కాదు.

రక్తహీనత సంగతి వేరు. అక్కడ అనుమానానికి బలం ఉంది. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో రక్తనాళం నుంచి సిరంజితో రక్తం తీసి ప్రయోగశాలలో చూశారు. దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత 41 శాతం అని వచ్చింది. దానికి కొద్దిగా ముందు, వేలి కొస చుక్కతో చూసిన నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో అది 58.6. వేలిని నొక్కితే రక్తంతో పాటు కణజాలపు నీరు కలిసి లెక్క మారవచ్చు. కనుక తెలంగాణ 70 శాతాన్ని నేను అక్షరాలా పట్టుకోను. తక్కువ లెక్కనే తీసుకున్నా, పదిమందిలో నలుగురు పిల్లలంటే చిన్న సంగతా?

జిల్లా అంకెలను మరింత జాగ్రత్తగా చదవాలి. ఒక జిల్లాలో రెండు వందల మంది పిల్లలను కొలిచి, 33 శాతం మంది ఎత్తు తక్కువని తేలిందనుకోండి. అసలు సంఖ్య 27 అయినా కావచ్చు, 39 అయినా కావచ్చు. రెండు సర్వేల మధ్య నాలుగు పాయింట్లు పెరిగిందనో తగ్గిందనో ఒక జిల్లాను తిట్టడం, మెచ్చుకోవడం రెండూ తొందరపాటే. కొన్ని గడుల్లో అంకె బదులు చుక్క గుర్తు (*) ఉంటుంది. ఆ రకం పిల్లలు పాతికమంది కూడా దొరకలేదని దాని అర్థం. జబ్బుపడిన పిల్లకు ఓఆర్‌ఎస్ ఇచ్చారా అన్న గడిలో చుక్క కనబడితే నాకు గుండె బరువెక్కుతుంది. ఆ పిల్లలు ఉన్నారు, లెక్కలోకి రాలేదంతే.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. టీచరమ్మను తలుచుకోవాల్సింది ఇక్కడే. 2021 నుంచి అంగన్‌వాడీ లెక్కలు పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లోకి ఎక్కుతున్నాయి. 2024లో పార్లమెంటు ముందుకు వచ్చిన ట్రాకర్ లెక్కల్లో బక్కచిక్కిన పిల్లలు దాదాపు 6 శాతమే. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశానికి అదే సంఖ్య 19.3. సంవత్సరాలు వేరు, లెక్కించిన పిల్లలు వేరు, అది నిజమే. అంగన్‌వాడీకి రాని పిల్ల ట్రాకర్‌లో ఉండదు. అయినా తేడా అంతా దానితో తీరదు. తక్కువ బరువు రాస్తే సంజాయిషీ అడుగుతారు. మంచి బరువు రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఏ టీచరైనా ఎన్నాళ్ళు సంజాయిషీ చెబుతుంది? చాలీచాలని జీతం, నెట్‌వర్క్ రాని ఫోన్, ముల్లు సరిగా ఆగని త్రాసు. అంకెకు శిక్ష ముడిపెడితే అంకె అబద్ధం చెప్పడం నేర్చుకుంటుంది. టీచరమ్మ మాత్రం ముల్లు ఎక్కడ ఆగిందో అదే రాసింది. దానికి మాటలు పడింది. ఆమె రిజిస్టర్లు నేను చూశాను. వరుసగా నాలుగు నెలలు ఒకే బరువు, ఐదో నెల అరకిలో తక్కువ, పక్కన తల్లికి టైఫాయిడ్ అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఒక స్టాటిస్టిక్స్ మాస్టారుగా నేను చూసిన అత్యంత నిజాయితీ గల దత్తాంశం అది.

ఇక మన ఊరికి వస్తాను. నస్పూర్ గనుల వల్ల పెరిగిన ఊరు. 2018లో మున్సిపాలిటీ అయింది, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. జిల్లా కలెక్టరేట్ కూడా ఇక్కడే కట్టారు. మన పిల్లల గురించి సర్వేలకు ఏం తెలుసు? నిజం చెప్పాలంటే దాదాపు ఏమీ తెలియదు. కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా దగ్గర ఆగిపోతుంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివిస్తుంది, లెక్క చేయిస్తుంది, కానీ పల్లెల్లోనే. అందులో 2018లో తెలంగాణ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 18.1 శాతం. బడులు మూతపడిన కరోనా కాలం దాటాక, 2022లో 5.2 శాతం. దేశం మొత్తం మీద ఇది 27.3 నుంచి 20.5కు పడి, 2024లో మళ్ళీ 27 దాకా వచ్చింది. పల్లె పిల్లల గోడు అలా తెలిసింది. కాలనీ పిల్లలు ఎలా చదువుతున్నారో ఆ సర్వేను చూసి చెప్పలేం.

పైగా మన ఊళ్ళో సగటు మోసం చేస్తుంది. ఇక్కడ మూడు రకాల ఇళ్ళున్నాయి. పర్మినెంట్ కార్మికుడికి క్వార్టరు, నీళ్ళు, కరెంటు, కంపెనీ దవాఖాన, దీపావళికి బోనస్ ఉంటాయి. అదే గని మీద కాంట్రాక్టు కింద పనిచేసే మనిషిది కిరాయి గది. ఓపెన్‌కాస్టు మట్టి పనులకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళది రేకుల షెడ్డు. ఈ మూడు రకాల ఇళ్ళ పిల్లల బరువులు కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ ఒక్క పిల్లదీ కాదు. గోదావరికి అవతల పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలు ఏ జాబితాలో ఉంటాయి? కుటుంబ ఆరోగ్య సర్వే ఇళ్ళను ఎంచుకున్న పునాది 2011 జనగణన. అప్పటికి మంచిర్యాల జిల్లాయే లేదు. కొత్త జనగణన 2027లో పూర్తికావాలి. ఈ పదహారేళ్ళలో కట్టిన షెడ్లూ, లేచిపోయిన షెడ్లూ ఎన్నో.

సర్వే మనిషి దగ్గరికి వచ్చి కూర్చుంటే ఎంత తెలుస్తుందో చూపిన పని కూడా మన పక్కనే జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. ఇక్కడ మూడు వేల మంది పిల్లలను 2002 నుంచి మళ్ళీ మళ్ళీ కలిసింది. వాళ్ళలో కరీంనగర్ జిల్లా పిల్లలున్నారు. ఒకసారి ఫొటో తీసి వెళ్ళిపోకుండా అదే బిడ్డను ఏడాది వయసులో, ఐదేళ్ళకు, ఎనిమిదికి, పన్నెండుకు, పదిహేనుకు చూడటం దీని గొప్పతనం. ఊళ్ళ అసలు పేర్లు ఎక్కడా బయటపెట్టలేదు. ఏడాదికే ఎత్తు తక్కువగా ఉన్న పిల్లలందరూ అలాగే ఉండిపోలేదని దీనివల్ల తెలిసింది. కొందరు కోలుకున్నారు. మొదట బాగున్న కొందరు తర్వాత జారిపోయారు. కరువు దెబ్బ తిన్న చిన్నపిల్లల ఎదుగుదలను ఆ తర్వాత బడిలో దొరికిన మధ్యాహ్న భోజనం నిలబెట్టిందని ఇదే దత్తాంశంతో తేల్చారు. రోజూ ఒక పూట తప్పకుండా దొరికిన అన్నం చేసిన పని అది. నా మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

ఆ అధ్యయనం చెప్పిన మరో సంగతి కఠినమైనది. 2002లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రైవేటు బడికి పోయేవాళ్ళు 24 శాతం. 2009లో అదే వయసువాళ్ళలో 44 శాతం. తల్లిదండ్రులు అప్పుచేసి మరీ పంపారు. అదే 2009లో, గడిచిన వారంలో మాస్టారు కొట్టాడని చెప్పిన ఎనిమిదేళ్ళ పిల్లలు 78 శాతం. పదిహేనేళ్ళవాళ్ళలో 34 శాతం. చిన్నవాళ్ళకే ఎక్కువ దెబ్బలు, తిరిగి అడగలేరు కనుక. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి బడిలో దండనను నిషేధించింది. చట్టం ఒక్కరోజులో చేయవచ్చు. చెయ్యి ఎత్తకుండా ఉండటం మాత్రం రోజూ చేయాలి, బడిలోనూ ఇంట్లోనూ.

మన దగ్గర ఇంకా ఎవరూ గట్టిగా అడగని ప్రశ్నలు కొన్ని యునిసెఫ్ చాలా దేశాల్లో చేసే సర్వేలో ఉన్నాయి. గడిచిన మూడు రోజుల్లో ఈ బిడ్డకు ఎవరైనా పుస్తకం చదివి వినిపించారా? కథ చెప్పారా? పాట పాడారా? బయటికి తిప్పారా? ఆడారా? పేర్లు చెప్పించడం, లెక్కపెట్టించడం, బొమ్మ గీయించడం చేశారా? చేస్తే ఎవరు, తల్లా, తండ్రా, ఇంకొకరా? నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన తండ్రి పగలంతా పడుకుంటాడు. ఆ ఇంట్లో పిల్లలు చప్పుడు చేయకుండా ఉండటం నేర్చుకుంటారు. సాయంత్రం అతను లేచేసరికి వాళ్ళు ఫోన్‌లో ఉంటారు. తండ్రి అన్న గడిలో ఎన్ని టిక్కులు పడతాయో నాకు తెలుసుకోవాలని ఉంది.

అందుకే ఈ సభ ముందు ఒక కోరిక పెడుతున్నాను. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఇళ్ళలో కూర్చుని సమగ్ర కుటుంబ సర్వేకు జవాబులిచ్చింది. 2024 చివర్లో 75 ప్రశ్నల కాగితం మళ్ళీ ఇంటింటికీ వచ్చింది. అడిగితే చెప్పడం మనవాళ్ళకు కొత్త కాదు. ఈసారి మన ప్రశ్నలు మనమే అడుగుదాం. నస్పూర్, సింగాపూర్, తాళ్ళపల్లి, తీగల్‌పహాడ్‌లలో ఐదేళ్ళ లోపు పిల్లలున్న ప్రతి ఇల్లూ, క్వార్టరైనా రేకుల షెడ్డయినా. ఎత్తు, బరువు, నిన్న తిన్నదేమిటి, మూడు రోజుల్లో ఎవరు ఆడించారు. అంతకు మించి అడగవద్దు, పెద్ద కాగితానికి ఎవరూ ఓపికగా జవాబివ్వరు. పర్మినెంట్, కాంట్రాక్టు, వలస అని మూడు వరుసలు విడిగా ఉండాలి. పేర్లు, ఇంటి నంబర్లు అడిగినవాళ్ళ దగ్గరే తాళం వేసి ఉండాలి. ఏ తల్లికీ తలవంపులు రాకూడదు, ఏ టీచరుకూ మెమో రాకూడదు. ఆరు నెలలకోసారి మళ్ళీ అదే ఇంటికి, అదే బిడ్డ దగ్గరికి వెళ్ళాలి.

డిగ్రీ కాలేజీ పిల్లలకు ఎత్తు కొలవడం, త్రాసు సరిచూడటం నేర్పే బాధ్యత నాది. కార్మిక సంఘాలు త్రాసులు, ఎత్తు కొలిచే బల్లలు కొనిస్తామంటే చాలు. మొదటి ఫలితం వచ్చాక ఒక కాపీ ప్రతి అంగన్‌వాడీ గోడకు, ఒకటి గని మస్టర్ ఆఫీసు గోడకు, ఒకటి కలెక్టరేట్‌కు. కలెక్టరేట్‌కు బస్సెక్కి పోనక్కర్లేదు, మన ఊళ్ళోనే ఉంది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు టీచరమ్మ పనిచేసిన కేంద్రంలో కూర్చుని ప్రశ్నల కాగితం తయారుచేద్దాం. నైట్ షిఫ్ట్ చేసినవాళ్ళు నిద్ర చూసుకుని పన్నెండుకు రండి. తండ్రులు లేకుండా ఆ కాగితం రాయకూడదు.